బాబా రైఫిలు టిక్కుమన్న వారం

ఆ రోజుల్లో కువైట్‌లో మాలాంటి వాళ్ళకు భయాలకేం కొదవ ఉండేది కాదు. ఉండటానికి అనుమతిచ్చే ఇఖామా గడువు దగ్గర పడితే భయం, బండికి గీత పడితే భయం, పనికి పెట్టుకున్న కఫీల్ పొద్దున్నే పేరు పెట్టి పిలిస్తే మరీ భయం. నేను మాత్రం వీటన్నిటినీ మించి ఒక చిన్న చప్పుడుకు వణికిపోయాను. ఢామ్మని పేలే చప్పుడుకు కాదు (దానికి మొదట్లోనే అలవాటు పడ్డాను, చెవుల్లో దూది ఉండనే ఉండేది). పేలవలసినది పేలకుండా టిక్కుమని ఊరుకునే చప్పుడుకు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ వారమంతా నాకు ముద్ద గొంతు దిగలేదు.

సల్వా అనే పేటలో ఒక ఇంట్లో నేను డ్రైవర్ని. అదే ఇంట్లో మా పిన్నమ్మ వంటమనిషి. వీసా ఇప్పించి నన్ను రాజంపేట నుంచి తెప్పించింది ఆమే. మా కఫీల్‌ని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్ళం. ఉద్యోగం నుంచి రిటైరైన బాబాకు మిగిలిన పిచ్చి ఒక్కటే, రైఫిలు. వేటా గీటా ఏమీ లేదు, క్లబ్బులో అట్ట మీద గీసిన వలయాలను కాల్చడమే. దుకాణంలో కొన్న తూటాలు ఆయన కంటికి ఆనవు. లైసెన్సులన్నీ పక్కాగా పెట్టుకుని తన తూటాలు తానే తయారు చేసుకునేవాడు. కాల్చాక రాలిన ఇత్తడి గొట్టాలను ఏరించి, కడిగించి, వాటి అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి మీద గుండు పెట్టి, మామా అన్నానికి పిలిచినా పలక్కుండా బిగించుకుంటూ కూర్చునేవాడు. ఇందులో నా వంతు ఆ గొట్టాలను ఏరడం, సబ్బునీళ్ళలో కడగడం, ఆరబెట్టడం. అంతవరకే.

ఆ చలికాలం బాబాకూ ఆయన బామ్మర్దికీ పంతం వచ్చింది. శుక్రవారం క్లబ్బులో ఎవరి గురి గొప్పదో తేల్చుకోవాలని. బాబా నాకొక డబ్బా నిండా మసిబారిన గొట్టాలిచ్చాడు. వంటింటి వెనక కూర్చుని కడుగుతుంటే పిన్నమ్మ చూడనే చూసింది.

"ఏమ్రా, ఇత్తడిని సబ్బుతో కడుగుతారా యాడన్నా? మీయమ్మ ఇదేనా నేర్పించింది? ఇట్లియ్యి!"

"బాబా సబ్బుతోనే అన్యాడు పిన్నమ్మా."

"ఆయనకేం తెల్సురా? ఆయప్ప ఎప్పుడన్నా చెంబు తోమిన మొగమా?"

డబ్బా లాక్కుపోయింది. చింతపండూ ఉప్పూ వేసి తోమి, మర్నాడు నా చేతికిస్తే, అవి పండగ పూట దీపపు కుందుల్లా తళతళలాడుతున్నాయి. బాబా ఒకదాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసి "మాషా అల్లా!" అని నా భుజం తట్టాడు. ఆ మెప్పు నాది కాదని చెప్పేంత మంచివాణ్ణి కాదు నేను. నవ్వి ఊరుకున్నాను.

బాబా వాటితోనే తూటాలు బిగించుకున్నాక శుక్రవారం వచ్చింది. బామ్మర్ది తన వంతు కాల్చి మీసం దువ్వుకుంటున్నాడు. బాబా గురి చూసి మీట నొక్కాడు. టిక్. అంతే. అలా టిక్కుమన్న తూటా చచ్చిందనుకోవడానికి లేదట, ఆలస్యంగా కూడా పేలొచ్చట. అందుకని రైఫిలు మూతి అట్ట వైపే ఉంచి బాబా బిగుసుకుపోయాడు. వెనకాల నేను కళ్ళు మూసుకుని ఒంటిమిట్ట రామయ్యకు టెంకాయలు మొక్కుకుంటున్నాను. పేలలేదు. ఇంకొకటి, టిక్. మరొకటి ఢామ్మంది (ప్రాణం లేచొచ్చింది). ఆ తర్వాతది తుస్సుమంది. వెంటనే బాబా రైఫిలు కింద పెట్టేసి "ఖలాస్" అన్నాడు, ఇక అయిపోయిందని. గుండు రైఫిలు గొట్టంలోనే ఇరుక్కుని ఉంటే ఆ పై తూటా కాల్చినవాడి మొహం మీదే పగులుతుందట. పులి మీద పుట్రలా బామ్మర్ది ఒక మాటన్నాడు: "మీ ఇంట్లోనే ఎవరో చెయ్యి పెట్టారు, చూసుకో."

ఇక మొదలైంది విచారణ. బాబా ముందు రైఫిలును అనుమానించాడు. టోపీని కొట్టే లోపలి సూది అరిగిందేమోనని క్లబ్బు మెకానిక్‌కు చూపించాడు. సూది బంగారంలా ఉందన్నాడు అతను. హమ్మయ్య, ఇక టోపీలదే తప్పనుకున్నాను. అదే పెట్టెలోని టోపీ, అదే డబ్బాలోని మందు వేసి నేనెప్పుడో సబ్బుతో కడిగిన ఒక పాత గొట్టంతో తూటా చేసి కాలిస్తే, అది ఢామ్మని పేలి నా కొంప ముంచింది. టోపీ నిర్దోషి, మందు నిర్దోషి. అందరూ విడుదలైపోగా బోనులో నేనొక్కణ్ణే మిగిలాను. బండి నడుపుతుంటే అద్దంలో బాబా కళ్ళు నా మీదే ఉండేవి. తుపాకీ వ్యవహారం, పైగా పరాయి దేశం. ఏదో కుట్ర అనుకుంటే నన్నే కాదు, పిన్నమ్మను కూడా విమానం ఎక్కిస్తారు.

"పిన్నమ్మా, నిజం జెప్పు, వాటిని ఏం జేసినావు?" అని వంటింట్లో పట్టుకున్నాను.

"తోమినా. ఎండలో ఆరబెట్నా. ఏం, ఇత్తడి తోమితే జైల్లో ఏస్తారా ఈ దేశంలో?"

"లోపల తడి ఉండిందేమో?"

"కువైట్ ఎండలో తడి యాడుంటాది రా, నీ తలకాయ!"

దిక్కుతోచక ఇంటికి ఫోను చేశాను. పెళ్ళిబట్టల పసుపు మాయకముందే ఊరొదిలి వచ్చినవాణ్ణి. "నన్ను పంపించేస్తారేమోనే" అన్నాను నా భార్యతో.

"ఏం జేసినావు బావా?"

"ఏం జేసిన్నో తెలీకనే గదా ఈ భయం!"

"పంపిస్తే రా. మనూళ్ళో తుపాకులు ల్యావులే" అంది.

మర్నాడు మధ్యాహ్నం బాబా తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద పేలని తూటాలు విప్పి పెట్టి ఉన్నాయి. పొడిపొడిగా రాలాల్సిన మందు ముద్దకట్టి కాగితానికి అంటుకుంది. బాబా దాన్ని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. నా ముక్కు దగ్గర పెట్టాడు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఎరిగిన వాసన! బాబా లేచి, నా దగ్గరకు వచ్చి, వంగి, నా తల వాసన చూశాడు (అంత శ్రద్ధగా నా తలను వాసన చూసినవాళ్ళు ఇంతవరకూ మరొకరు లేరు). "శునూ హాదా?" అన్నాడు. ఇదేంటి అని.

సరిగ్గా అప్పుడే పిన్నమ్మ టీ పట్టుకుని వచ్చింది. బల్ల మీద గొట్టాలు చూసి ముఖం ఇంత చేసుకుంది. "సూడు, ఎంత తళతళ ఉండాయో! మల్లా నల్లబడకుండా లోపలా బయటా కొబ్బరినూనె పట్టించినా. దూది చుట్టి, ఒక్కోదానికీ! చేతేళ్ళు పడిపోయినాయి నాకు. చెప్పు బాబాకు!"

చెప్పవలసింది నేను. వచ్చీరాని అరబ్బీలో, మా ఇద్దరి కొంప మేమే కూల్చుకున్న కథను నా నోటితోనే చెప్పాలి. "బాబా, ఆమె వీటికి నూనె పూసింది. మా ఇళ్ళలో దేవుడి సామాను ఇత్తడిదే. అట్లాగే చూసుకుంది" అన్నాను.

బాబా కుర్చీలో కూలబడ్డాడు. టీ గ్లాసు అందుకున్నాడు. చేయి వణుకుతోంది, టీ తొణుకుతోంది. అయిపోయింది, ఇక ఎగ్జిట్టే, ఊరికి తిరుగు విమానమే అనుకున్నాను. చూద్దును కదా, ఆయన భుజాలు కూడా ఊగుతున్నాయి. నవ్వుతున్నాడు! కళ్ళ నీళ్ళు కారేట్టు నవ్వి, మామాను పిలిచి చెప్పి, బామ్మర్దికి ఫోను చేసి దొంగ దొరికిందన్నాడు. ఆపైన లోపలికెళ్ళి తన తండ్రి నాటి ఇత్తడి కాఫీ కూజాలు తెచ్చి పిన్నమ్మ ముందు పెట్టాడు. ఇవి తోము, తూటా గొట్టాల జోలికి మాత్రం రాకు అని. పిన్నమ్మకు ఏం తప్పు జరిగిందో అప్పటికీ అర్థం కాలేదు. కూజాలు చూసి మాత్రం మురిసిపోయింది.

నేను గేటు బయటికి పరుగెత్తి ఇంటికి ఫోను చేశాను. "ఖలాస్! ఏం భయం లేదు, నన్ను పంపడం లేదు!" అని అరిచినంత పని చేశాను.



"అట్నా" అంది.

"ఏమే, సంతోషం లేదా?"

"ఉందిలే బావా. మీయమ్మకు చెప్పేసినా, వస్తాండాడని. దుప్పట్లు గూడా ఉతికి ఆరేసినా."

అప్పుడు నేను పెద్దగా నవ్వాను. గండం గడిచిందన్న సంబరంలో ఉన్న కుర్రాణ్ణి, ఆ దుప్పట్ల మాట నాకు ఎక్కడ వినపడుతుంది? తర్వాత ఎన్ని ఇఖామాలు మారాయో. పిన్నమ్మ ఊరెళ్ళి స్థిరపడింది. నా నెత్తిన నూనె పెట్టడానికి వెంట్రుకలు పెద్దగా మిగల్లేదు. బాబా ఇప్పుడు కుర్చీలో కూర్చునే కాలుస్తాడు, తూటాలు చక్కగా పేలుతున్నాయి. ప్రతి శుక్రవారం ఫోను పెట్టేసే ముందు నా భార్య మాత్రం ఒక మాట అడక్కుండా ఉండదు. "బావా, కొబ్బరినూనె ఏమన్నా పంపియ్యాల్నా?"

ఇద్దరం నవ్వుకుంటాం. వద్దులే అంటాను. ఈ మధ్య ఆ వద్దులే అనడానికి నాకు కాస్త ఆలస్యమవుతోంది.