మామ భోజనం, నా గంతులు

మూడు బల్బులు బిగించి ఒక మనిషి తన పరువు మొత్తం ఎలా ఆర్పుకోగలడో చూడాలనుంటే ఇలా వచ్చి కూర్చోండి. ఆ మహానుభావుణ్ణి నేనే.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. కర్ణాటకలో రాయచూరు పక్కన, యరమరస్ దగ్గర కొత్తగా వచ్చిన కరెంటు ప్లాంటులో ఉద్యోగం. ఉద్యోగమంటే స్టోరులో కూర్చుని పనివాళ్లకు గ్లౌజులు, హెల్మెట్లు అందించడం. కానీ పెళ్లిచూపుల్లో మా మామ "ఏం పని చేస్తవు?" అంటే, "కరెంటు తయారుచేసేకాడ" అన్నాను. అది అబద్ధమా, మీరే చెప్పండి! చిక్కల్లా ఏమిటంటే, మా మామ కల్లూరులో లైన్‌మన్‌గా చేసి, జీవితమంతా స్తంభాలెక్కి దిగిన మనిషి.

ఆ మామ ఒక ఆదివారం సాయంత్రం చిక్కసూగూరులోని మా అద్దె ఇంటికి మొదటిసారి భోజనానికి వస్తానన్నాడు. మా వరండాలో చీకటి పడ్డాక మనిషి కదిలితే వెలిగి, నిమిషానికి ఆరిపోయే సెన్సర్ లైటు ఒకటుంది. దానికే గేటు దగ్గరొకటి, మెట్ల దగ్గరొకటి, పక్కసందులో ఒకటి బల్బులు కలిపితే? మామ గేటు తీయగానే ఇల్లంతా పెళ్లిపందిరిలా వెలగాలి, అల్లుడి పనితనానికి ఆయన కళ్లు చెదరాలి!

"కరెంటు పనోణ్ణి పిలవరాదుండ్రి?" అంది నా భార్య రేణుక.

"కరెంటు పుట్టేకాడ పనిచేసేటోనికి ఇంకో పనోడు ఎందుకే?"

"మీరు ఇచ్చేది గ్లౌజులు గద?"

ఆ మాట నాకు వినపడలేదు. వినపడకూడదని నేనే నిర్ణయించుకున్నాను.

మెయిన్ ఆపి, వరండా గోడకున్న వైర్ల డబ్బా మూత తీశాను. లోపల పాముల పుట్ట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త కరెంటోడు వైరెరగడు. మధ్యాహ్నమంతా చెమటలు కక్కి, కనపడ్డ వైరునల్లా కలిపి, టేపు చుట్టి, మెయిన్ వేశాను. ఇంట్లో ఏదీ వెలగలేదు. పంకా కూడా కదల్లేదు.

"కరెంటు పోయినట్టుంది" అన్నాను.

"పక్కింటి బసమ్మ టీవీ మోగుతనే ఉంది గద?"

"ఆమెది వేరే లైను."

ఆడలేక మద్దెల ఓడన్నారట. వైరు కలపలేక నేను లైను ఓడన్నాను.

చీకటి పడుతుండగా వరండాలో అడుగుపెట్టానో లేదో, గేటు, మెట్లు, సందు, అన్నీ భగ్గున వెలిగాయి. లోపల పంకా కూడా గిర్రున తిరిగింది. "సూసినవా, కరెంటు గూడ వచ్చె!" అని నేను మీసం దువ్వుతుండగానే మామ గేటు తీశాడు. బల్బులన్నీ ఒకసారి తేరిపార చూశాడు.

"నువ్వే పెట్టినవా అల్లుడూ?"

"నేనే మామా."

"ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ'ని నేను మెచ్చుకోలు కింద జమ కట్టాను.

లోపల కూర్చోబెట్టి వేడి జొన్నరొట్టె, కోడికూర వడ్డించాం. మామ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. టప్పున చీకటి!

ఏమైందో చూద్దామని రేణుక వరండాలోకి వెళ్లింది. వెలుగు వచ్చింది. ఆమె తిరిగొచ్చి కూర వడ్డిస్తుండగా మళ్లీ చీకటి. నేను వెళ్లాను, వెలుగు. వచ్చాను, చీకటి. అప్పుడు నా బుర్రలో మాత్రం పెద్ద బల్బే వెలిగింది. కొత్త బల్బులతోపాటు ఇంట్లోకి వెళ్లే వైరును కూడా తీసుకెళ్లి ఆ సెన్సర్ చేతిలో పెట్టేశాను. ఇక వరండాలో ఎవరైనా కదులుతుంటేనే ఇంట్లో కరెంటు!

మామకు నిజం చెప్పడమా, ఎగరడమా? ఎగరడమే నయమనుకున్నాను. "జర గాలికి పోయొస్త మామా" అని బయటికొచ్చి, చేతులూపుతూ గంతులు మొదలుపెట్టాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో ఎగిరి ఇంట గెలవాల్సి వచ్చింది.

గోడమీదుగా బసమ్మ తల కనిపించింది. "ఏనప్పా, చేళు కడీతేను?" అంది కన్నడంలో, నన్ను తేలు కుట్టిందనుకుని.

"ఇల్లమ్మా, కసరత్తు!" అని కాదన్నాను ఎగురుతూనే.

ఆయాసంతో నిమిషం ఆగితే చాలు, లోపల్నుంచి రేణుక కేక: "ఏమండీ, నాయనకు కూరల బొక్క ఏదో ముక్క ఏదో కనపడ్తలేదు. జర ఎగురుండ్రి!"

మామ ఆ రోజు తిన్నంత నిదానంగా ఏ మనిషీ తిని ఉండడు. రెండో రొట్టె, మూడో రొట్టె, పెరుగన్నం. చివరికి తాపీగా చేయి కడుక్కుని బయటికొచ్చి, మెయిన్ ఆపించి, టార్చి వెలుగులో డబ్బా విప్పి, రెండు వైర్లు విడదీసి మార్చాడు. మెయిన్ వేయగానే ఇల్లు మామూలుగా వెలిగింది. పట్టుమని పది నిమిషాల పని.

"తప్పు ఎప్పుడు తెలిసింది మామా?" అన్నాను రొప్పుతూ.

"మొదటిసారి ఆరినప్పుడే."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"కూర మంచిగుండె. అల్లుడు ఎగురుతుంటె తినుడు మళ్ల మళ్ల దొరుకుతదా?" అని, గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. ప్లాంటుల నువ్వు చేసేది ఏంది?"

నేల చూస్తూ చెప్పేశాను. "స్టోరుల గ్లౌజులు ఇస్త."

మామ గుండెల మీద చెయ్యి వేసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. "బతికించినవు బిడ్డా! కరెంటు నీ చేతులనే ఉందేమోనని, రాయచూరు గతి ఏంగాను అని అన్నం తిన్నంతసేపు భయపడ్డ!"

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గడియారంలో సెల్లు మార్చాల్సి వచ్చినా సరే, రెండు చేతులకూ గ్లౌజులు తొడుక్కుని, కల్లూరుకు ఫోన్ చేసి, మామ అనుమతి లేనిదే ఆ గడియారం వైపు కన్నెత్తి కూడా చూడను.