టేపు వదిన తప్పు కొలత

టేపు వదిన కొలత తప్పదు. తప్పిందని ఎవరైనా అంటే తప్పు వాళ్ల ఒంటిదే కానీ టేపుది కాదు. ముప్పై ఏళ్ల కుట్టుపనిలో ఆమె ఒక్క పొరపాటూ ఒప్పుకోలేదు. కోటు బొత్తాలు పట్టడం లేదని ఒక పెళ్లికొడుకు లబోదిబోమంటే, "కోటు సరిగ్గానే ఉంది నాయనా, వారంలో నువ్వే పెరిగావు. సంతోషం కాస్త తగ్గించుకో" అని పంపేసింది.

తమ్ముడి భార్య టీచరమ్మకు రొమ్ము ఆపరేషన్ అయిందని తెలియగానే దుకాణానికి తాళం వేసి, మెడలో టేపుతో సహా దిగిపోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాటలు అప్పటికే టీచరమ్మ గుండెల్లో మేకుల్లా దిగి ఉన్నాయి.

"ఒళ్లు కాస్త బరువు, బీపీ ఉంది, చంకలో గడ్డలు కూడా చాలా తీశాం. ఇలాంటివాళ్లకి లోపల నీరు చేరే అవకాశం ఎక్కువ. కోసినచోట పెట్టిన గొట్టంలోంచి సీసాలోకి వచ్చే నీరు రోజూ కొలవండి. వరసగా రెండ్రోజులు ముప్పై మిల్లీలీటర్లు దాటకపోతేనే గొట్టం తీస్తాం. చెయ్యి భుజం దాటి లేపకండి."

కొలవమన్నాక వదినను ఆపేదెవరు? గోడమీద భుజమెత్తున సుద్దగీత గీసి, "చెయ్యి ఈ గీత దాటిందో, ఊరుకోను" అంది. సీసా వేలాడకుండా గౌను లోపల జేబు కుట్టింది. ఆ జేబుకు మూడుసార్లు కొలతలు తీసింది. రోజూ ఉదయం సీసాను కిటికీ దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి చదివి, పుస్తకంలో రాసి, ఖాళీ చేసేది.

"నలభై ఎనిమిది!"

"మెల్లగా వదినా, వీధంతా వింటోంది."

"మెల్లగా చదివితే తగ్గుతుందా?"

ఆ అంకె వింటే టీచరమ్మ ముఖం గోడవైపు తిప్పుకునేది. నీరు వస్తోందంటే లోపల జబ్బు ఇంకా మిగిలి ఉన్నట్టే అనుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే అవునంటారేమోనని భయం. ఆ భయంతో ముద్ద దిగేది కాదు, కళ్లు మూతపడేవి కావు.

చివరికి, కాపీ కొట్టే పిల్లల్ని ఇరవై ఏళ్లుగా పట్టుకున్న ఆ లెక్కల టీచరు, ఒక ఉదయం వదిన లేవకముందే స్నానాలగదిలో సీసా సగం ఒంపేసింది.

"ఇరవై ఐదు" అంది వదిన. ఆ రోజు అరవలేదు. సీసాను తిప్పి తిప్పి చూసి రాసుకుంది.

మర్నాడు చీకటుండగానే మళ్లీ ఒంపింది. ఇరవై రెండు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లారు.

"భేష్! తీసేద్దాం" అంది డాక్టరమ్మ పుస్తకం చూసి. నర్సు కత్తెర తెచ్చింది.  నిజం చెప్పాలి, కానీ టీచరమ్మకు నోరు పెగలడం లేదు.

"ఆగమ్మా," అంది టేపు వదిన. "నా కొలత తప్పు."

టీచరమ్మ ఉలిక్కిపడింది.

"కళ్లజోడు పెట్టుకోకుండా చూశాను. నలభైకి తక్కువ ఉండదు."

డాక్టరమ్మకు కోపం వచ్చింది. "ఇప్పుడు తీసేస్తే నీరంతా చర్మం కింద చేరి ఉబ్బేది. సూదితో మళ్లీ మళ్లీ లాగాల్సి వచ్చేది. కళ్లు కనపడకపోతే ఇంకెవరైనా కొలవాలి కదా!"

వదిన తలొంచుకుని ఆ మాటలన్నీ పడింది.

అది చూసి టీచరమ్మకు గొంతు వచ్చింది. "డాక్టరుగారూ, నీరు వస్తోందంటే జబ్బు మిగిలినట్టేనా?"

"ఎవరన్నారు? అది కోసినచోట ఊరే నీరు. అంతే. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

టీచరమ్మ ఎన్నాళ్లకో నిండుగా ఊపిరి పీల్చుకుంది.

బయట బల్లమీద కూర్చున్నాక అడిగింది. "మీకెలా తెలిసింది వదినా?"

"నిన్న అనుమానమొచ్చి రాత్రి పడుకునేముందు నీళ్లమట్టం దగ్గర సీసాకి ఎర్రదారం కట్టాను. అప్పటికే నలభై. పొద్దున చూస్తే దారం పైన, నీళ్లు కింద."

"మరి నన్ను తిట్టలేదేం?"

"భయపడ్డదాన్ని ఎవరైనా తిడతారా? ఈసారి భయమేస్తే సీసా ఒంపకు, నన్ను లేపు." వదిన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నా కొలత తప్పిందన్న మాట మాత్రం బయట అనకు. ఆ పెళ్లికొడుకు కోటు పట్టుకుని వచ్చేస్తాడు."