నేత ముడికి చిక్కిన చేప

సోలాపూర్ జలాశయంలో పెద్దనాన్న గాలానికి పడిన ఆ చేప జానెడు కూడా లేదని నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు.

పెద్దనాన్న సోలాపూర్‌లోనే, నీలం నగర్‌లో మరమగ్గాలు నడుపుతాడు. చలికి చేపలు లోతుకు పోయి ఎర ముట్టవని ఆయనే చెప్పాడు. అందుకే కాబోలు, ఏటా చలికాలంలోనే గాలం పట్టుకుని బయలుదేరి ఖాళీ సంచితో తిరిగొస్తాడు. ఈసారి సిరిసిల్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చిన నన్ను సాక్షిగా తీసుకెళ్లాడు. నోరు విప్పని సాక్షి అంత తేలిగ్గా దొరకదు మరి.

నైలాన్ దారానికి గాలం కడుతూ, మగ్గం మీద తెగిన పోగులను కలిపే ముడి వేశాడు.

"మా తాతల ముడి బిడ్డా! ఏనుగు గుంజినా ఊడది."

పొద్దెక్కాక చేప పడింది. నీళ్లపైకి వచ్చి, మమ్మల్ని ఒకసారి చూసి, ఒక్క గుంజుకు ముడి ఊడదీసుకుని వెళ్లిపోయింది. నూలును పట్టే ముడి నైలాన్ మీద నిలవదని దానికి ముందే తెలిసినట్టుంది.

ఇంట్లో పెద్దమ్మ బీడీల చాట పక్కన పెట్టి, మసాలా నూరుకుని కూర్చుంది.

"రెండు కిలోలుంటదే! కావాల్నంటే ఈ పోరినడుగు," అన్నాడు పెద్దనాన్న. ఆయన కళ్లు నన్ను బతిమాలాయి. నేను తల ఊపాను.

పెద్దమ్మ ఆ మసాలాలో వంకాయలు వేస్తూ నాతో అంది: "మళ్ల చలికాలం జరూర్ రా బిడ్డా. అప్పటికి ఆ చేప అయిదు కిలోలైతది."