పెదనాన్న ఒప్పుకోలు

మా పెదనాన్న మలేషియాలోని తెలుక్ ఇంటాన్ దగ్గర ఎస్టేటు కూలీల లైనింట్లో పుట్టి, ఒక నగరానికి పోలీసు చీఫ్ అయ్యారు. ఇంట్లో గ్లాసు పగిలినా, ఆఫీసులో ఫైలు పోయినా, పొరపాటు తనదైతే ఎవరూ అడక్కముందే "నానే" అనేసేవారు.

రిటైరయ్యాక ఎన్నికల్లో నిలబడ్డారు. నగరం అంచునున్న పామాయిల్ ఎస్టేటుకు మాత్రం వెళ్ళొద్దని పార్టీవాళ్ళు చెప్పారు. ఆయన వినలేదు. కారు నడిపింది నేనే.

అక్కడ ఒక ముసలమ్మ ఎదురొచ్చి నిలదీసింది. "మా ఇళ్ళు కూల్సిన పొద్దు పోలీసుల్ని తెచ్చినోడివి నువ్వే కదేటి?"

"పైవాళ్ళ ఆర్డరని చెప్పండి లాహ్," పక్కనున్న పార్టీ కార్యదర్శి మలేషియా ఊతపదంతో గొణిగాడు.

"నానే అమ్మా," అన్నారు పెదనాన్న, అందరికీ వినపడేలా. "కాదనాల్సింది, అననేదు. మిగిలిన ఇళ్ళు కూల్చడానికి మళ్ళీ ఎవరొచ్చినా మీ పక్కనే నిలబడతాను."

"ఓట్ల కోసం సెప్తన్నావేటి?"

"ఓటెయ్యకపోయినా వస్తాను."

ఓడిపోయారు. పార్టీ ఆయన్ని పట్టించుకోవడం మానేసింది. కొన్ని నెలలకు ఆ ఎస్టేటుకు బుల్డోజర్లు వచ్చాయని తెలిసి, వెళ్ళి ఆ ముసలమ్మ గుమ్మంలో కూర్చున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇన్‌స్పెక్టరే వచ్చి, సెల్యూట్ కొట్టి, లేవమని మలయ్‌లో బతిమాలాడు.

"లేవను. నీ పని నువ్వు చెయ్యి," అన్నారు పెదనాన్న అదే భాషలో.

అరెస్టు చేసి వ్యానెక్కించారు. తలుపు వేయబోతుంటే ముసలమ్మ కుచ్చెళ్ళు ఎత్తిపట్టి తానూ ఎక్కి, ఆయన పక్కన కూర్చుంది. ఆమె వెనకాల లైనిళ్ళ జనమంతా వ్యాను వైపు కదిలారు. ఇన్‌స్పెక్టర్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ వ్యానులో అంతమందికి చోటు లేదు.