ఆరు గుర్తులున్న కట్టె

"మీ సారు పోయిండు బిడ్డా" అని కోరుట్ల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో కుట్టుమిషను ముందున్నాను. చేసింది సారు భార్య. సారు శిష్యులందరికీ ఆమె అమ్మే. ఏడుపు కంటే ముందు నా మీద నాకే కోపం వచ్చింది. ఈ ఆదివారం వస్తానని చెప్పాను. కిందటి ఆదివారమూ అదే చెప్పాను.

సారు బస్సు కండక్టరు. పిల్లనగ్రోవి ఆయన ప్రాణం. కథలాపూర్ దారిలో బస్సు ఆగినచోటల్లా తల బయటపెట్టి ఏ పిట్ట కూస్తోందో వినేవారు. ఆ కూతను చిత్తు కాగితం మీద ఎత్తుపల్లాల గీతలుగా గీసుకునేవారు. సాయంత్రానికి అది పాటయ్యేది. డ్యూటీ దిగి గల్లీ మలుపు తిరగగానే పిల్లనగ్రోవి మీద కౌజుపిట్ట కూత ఊదేవారు. వంటింట్లోంచి అమ్మ "అచ్చినవా?" అనేది, వెంటనే కంచం చప్పుడు. మాకు ఆయన నేర్పిన మొదటి పాఠం కూడా ఆ కూతే.

వెదురు ఆయనే కోసుకొచ్చేవారు. వంటింటి అటుక మీద రెండు వానకాలాలు ఆరబెట్టేవారు. ఆ తర్వాత మన వేళ్లు కొలిచి, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో రంధ్రాలు పొడిచేవారు. వేళ్లు కొలవకుండా ఎవరికీ పొడిచింది లేదు.

పదిహేడేళ్లప్పుడు నేను ఆగలేకపోయాను. జగిత్యాలలో కచేరీ ఉందని, అటుక మీది పచ్చి వెదురు చెప్పకుండా దించి నేనే రంధ్రాలు పొడుచుకున్నాను. నాలుగు రోజులు బాగానే పలికింది. కచేరీలో దీపాల వేడికి పాట సగంలో టప్పుమని పగిలింది. జనం నవ్వారు. తిరుగు బస్సులో, చచ్చినా ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

"పచ్చి కట్టెకు ఏం దెలుసు బిడ్డా, అదింకా చెట్టే అనుకుంటాంది" అన్నారు సారు. పగిలినదాన్ని పారెయ్యకుండా సంచిలో వేసుకున్నారు. "నీకు ఇంకోటి ఆరేస్త. ఎండినంక రా."

వెళ్లలేదు. ఎంత మొండిదాన్నో! పెళ్లయి సిరిసిల్ల వచ్చాను. తొమ్మిదేళ్లు ఏ కట్టెనూ పెదవికి ఆనించలేదు.

కిందటేడు సారు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఊదొద్దన్నారు డాక్టర్లు. "ఊదుడు బంద్ జేసిన్రు. ఇనుడు బంద్ జెయ్యలేదు గదా" అని ఫోనులో నవ్వబోయి దగ్గారు. పొద్దున్నే పిట్టలు మొదలెట్టగానే మంచం పట్టె మీద వేళ్లు ఆడిస్తూ కొత్త పాట కట్టేవారట. "నీ కట్టె ఎప్పుడో ఎండింది. నా చేతులు వణుకుతున్నయ్. జెల్ది రా బిడ్డా, నీ చేతి ఏళ్లు కొలవాలె."

పెళ్లిళ్ల కుట్లున్నాయని ఒకసారి, పాపకు జ్వరమని ఒకసారి తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే భయం. మళ్లీ పగిలితే?

కోరుట్లలో పదకొండో రోజు చుట్టాలు వెళ్లాక అమ్మ అటుక మీంచి కట్టె దించింది. ఊదే రంధ్రం ఒక్కటే పొడిచి ఉంది. దాని కింద పెన్సిలుతో ఆరు గుర్తులు, వణికిన గీతలు.

"నా వేళ్లు కొలవనే లేదు కదమ్మా?"

అమ్మ ఇంకోటి నా చేతిలో పెట్టింది. జగిత్యాలలో పగిలిన కట్టె! నా వేళ్లకు సరిపడా నేను పొడుచుకున్న రంధ్రాలు దాని మీద అట్లాగే ఉన్నాయి.

"గిది పక్కన వెట్టుకొని రెండు దినాలు గీసిండు. పొడుసుడు మాత్రం నువ్వేనట. నీ భయం నువ్వే తీసుకోవాలెనన్నడు" అంది. భయమని ఆయనకెప్పుడూ చెప్పలేదు నేను.

పెరట్లో పొయ్యి రాజేసి చువ్వ పెట్టాను. ఇది పగిలితే ఇంకోటి ఆరేసే మనిషి లేడు. అరచేతులు కొంగుకు తుడుచుకున్నాను. మొదటి గుర్తు మీద చువ్వ ఆనించాను. చుయ్యిమంది, పొగ లేచింది, పగల్లేదు. రెండోదీ దిగింది. మూడోదాని దగ్గర చిటుక్కుమంది. చువ్వ వెనక్కి లాగేశాను. చూస్తే ఆ చప్పుడు పొయ్యిలో పుల్లది. ఆరూ పూర్తయ్యేసరికి పొద్దు వాలింది.

వాకిట్లో అరుగు మీద కూర్చుని పెదవికి ఆనించాను. తొమ్మిదేళ్ల తర్వాత ఏం గుర్తుంటుంది? వేళ్లు వాటంతటవే మొదటి పాఠానికి వెళ్లాయి. కౌజుపిట్ట కూత వణుకుతూ గల్లీలోకి వెళ్లింది.

"అచ్చినవా?" అంది వంటింట్లోంచి అమ్మ. కంచం చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

నేను ఆపలేదు.