ఎదర ఎవులున్నారో

ఎక్కడ హారన్ విన్నా నాకు హుకుంపేట మేస్త్రే గుర్తొస్తాడు. జీపులు బాగుచేసే ఆయనకి నా పాత స్పోర్ట్స్ కారు అప్పజెప్పి, తిన్నని రోడ్డు మీద రెండేసి కార్లు పోటీపడే డ్రాగ్ రేసుకి తయారుచెయ్యమన్నాను. ఇంజిన్‌కి గాలి ఊదే టర్బోలు రెండు బిగించడానికి ఆయనకు ఆర్నెల్లు పట్టింది.

కొండల్లో తిన్నని రోడ్డెక్కడిది? నడిపి చూడటానికి కింద మైదానంలోని రేసు ట్రాకుకి దిగాం. స్టీరింగ్ ముందు కూర్చున్నదీ ఆయనే. బయలుదేరబోతూ గట్టిగా హారన్ కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"మలుపే లేదు కదా మేస్త్రీ, హారనెందుకు?" అన్నాను.

"ఎదర ఎవులు వత్తన్నారో ఏటో బావూ," అన్నాడు. ఇరవై ఏళ్లు ఘాట్ రోడ్డు మీద జీపు తోలిన అలవాటు మరి.

సగం దూరంలోనే ఒక టర్బో గొట్టం ఊడి, కారు ఉసూరుమని ఆగిపోయింది. నేను నీరుగారిపోయాను. ఆయన మాత్రం బానెట్ ఎత్తి, "ఇంజినుకేటీ అవనేదు, గొట్టమే గదా ఊడింది," అంటూ మళ్లీ బిగించాడు.

రేసు రోజున మా పక్కన నిలబడింది సరికొత్త కారు. ఈయన మళ్లీ హారన్ కొట్టాడు. జనం మళ్లీ నవ్వారు. ఈసారి రెండు టర్బోలూ ఈల వేశాయి. చూస్తూండగానే మా కారు చుక్కంత అయిపోయింది.

తిరిగొచ్చి అద్దం దించాడు. మొహంలో గెలుపు కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

"ఎదర ఎవులూ నేరు బావూ!" అన్నాడు.