పాలు పోసిన పాము పతకం

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా పక్కింటావిడది స్కాట్లాండ్. వెనకటికి అక్కడ పిక్ట్‌లనేవాళ్ళు నిలువురాళ్ళ మీద పాములూ చేపలూ చెక్కారట. ఆ బొమ్మల్నే ఆవిడ గరాజ్‌లో కూర్చుని, మెళ్ళో వేసుకునే చిన్న రాతి పతకాల మీద చెక్కేది. వేళ్ళు వంకర్లు పోయాక ఉలి పక్కన పెట్టేసింది. ఆఖరుగా చెక్కిన పాము పతకాన్ని కూతురి పెళ్ళికని దాచింది. శనివారం పెళ్ళనగా, దారం ఎక్కించిపెట్టమని బుధవారం నా చేతిలో పెట్టింది.

నేను దాన్ని వంటింటి గట్టు మీద వదిలేసి మర్నాడు ఆఫీసుకు వెళ్ళిపోయాను. ఆ రోజు నాగులచవితి. ఇక్కడ పుట్ట కూడా దొరకదని పొద్దుటినుంచీ సణుగుతున్న మా అత్తగారికి ఆ పాము కనబడింది.

సాయంత్రం వచ్చేసరికి పతకం పాలలో, పసుపు కుంకుమల్లో మునిగి ఉంది. అసలే లేత రంగు ఇసుకరాయి, పసుపంతా పీల్చేసింది. నా బుద్ధి గడ్డి తిని సబ్బు పెట్టి రుద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది.

“ఏంటత్తయ్యా ఇది? ఒక్క ఫోన్ చేసి అడగొచ్చుగా! అది ఆంటీ వాళ్ళమ్మాయి వెడ్డింగ్‌కి. ఇంకోటి చెక్కడం ఆవిడ వల్ల కాదు కూడా!” అని అరిచేశాను. గట్టు మీద వదిలేసింది నేనేనన్న సంగతి కోపంలో గుర్తుకే రాలేదు.

కాళ్ళీడ్చుకుంటూ పక్కింటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ పతకం మీది గీతల్ని బొటనవేలితో తడుముతూ ఉండిపోయింది. నా వెనకే వచ్చిన మా అత్తగారు, నా మొహం చూడకుండా, “ఎండలో పెట్టండమ్మా. పసుపు మరక ఎండకి ఆగదు” అని ఆవిడతోనే తెలుగులో చెప్పారు. నేను ఇంగ్లీషులో చెప్పాను.

మెల్‌బోర్న్ ఎండని నమ్మడానికి లేదు. అయినా శుక్రవారమంతా విరగకాసింది.

శనివారం పొద్దున్నే ఆవిడ కంచె అవతల నుంచి పిలిచింది. రాయి తేటగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను. అక్కడే నిలబడి దారం ఎక్కించాను.

“ముప్పై ఏళ్ళపాటు ఈ పాముని చెక్కాను. బాగుందని అందరూ అన్నారు. దండం పెట్టింది మాత్రం మీ అత్తగారొక్కరే” అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి ఆ మాట అత్తగారికి చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడని మనిషి కొంగు సర్దుకుంటూ, “టిఫిన్ తిన్నావుటే?” అన్నారు.